తోక లేని శుభలేఖ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మహానుభావుడెవరో గానీ, ఆయన పెళ్ళికి వెబ్‌సైటు కట్టి చూడలేదు. చూసి ఉంటే సామెత ఇంకో రెండు మాటలు పొడుగయ్యేది. ఎల్బీనగర్ సంతోషికి ఆ అనుభవం ఇరవై రెండో ఏటే దక్కింది. అదీ సొంత అన్న పెళ్ళిలో.

అన్న పేరు జగన్. దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కని పోయి, ఉద్యోగంతో పాటు పక్క బెంచీలో కూర్చున్న బిందుమాధవి మనసు కూడా సంపాదించుకొచ్చిన ఘనుడు. రెండిళ్ళ పెద్దలూ ఏడాదిపాటు ముఖాలు మాడ్చుకుని, చివరికి మెత్తబడి, మాఘమాసంలో ముహూర్తం పెట్టారు. బిందు ఇంటికొస్తుందంటే అందరికంటే ఎక్కువ గంతులేసింది సంతోషే. వదిన అని పిలవడం అప్పుడే మొదలుపెట్టేసింది కూడా.

పిల్లవాడి తండ్రి అంతయ్యది నకిరేకల్ దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళుగా ఎల్బీనగర్‌లో ఉంటూ, సొంత డీసీఎం వ్యానులో నల్గొండ తోటల బత్తాయిలు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టుకు తోలుతాడు. పిల్ల తండ్రి గంగాధరరావుది తెనాలి. పాతికేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఎంసెట్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాడు. ఒకరింటికీ ఇంకొకరింటికీ గట్టిగా నాలుగు కిలోమీటర్లు. కానీ అది రెండువేల పదకొండు. తెలంగాణ రాష్ట్రం ఇస్తారా ఇవ్వరా అని ఊరంతా ఉడికిపోతున్న రోజులు. సహాయ నిరాకరణ, బందులు, రాస్తారోకోలు. ఆ నాలుగు కిలోమీటర్లు ఒక్కోరోజు నాలుగొందల కిలోమీటర్లయి కూర్చునేవి.

గొడవ శుభలేఖ దగ్గర మొదలైంది. పిల్లలిద్దరూ, రెండు వైపులకీ ఒకటే కార్డు కొట్టిద్దామని ముచ్చటపడ్డారు. సరే, రాయడానికి గంగాధరరావు ఇంట్లో అందరూ కూర్చున్నారు.

"పైన జై తెలంగాణ అని పడాలె" అన్నాడు అంతయ్య. "ఈ ఏడు మా దిక్కు గా రెండు మాటలు లేని లగ్గం పత్రిక ఒక్కటి చూపియ్యుండ్రి."

"ఇది పెళ్ళి కార్డండీ, కరపత్రం కాదు" అన్నాడు గంగాధరరావు. "పైన వేంకటేశ్వరస్వామి ఉంటాడు, అంతే. అసలే మా తెనాలి వాళ్ళు పేపర్లు చదివి బెదిరిపోయి ఉన్నారు. ఆ మాట చూస్తే బస్సెక్కుతారా?"

"రాష్ట్రం గావాలని అడిగితే బెదిరిచ్చినట్టా సార్?"

"నేనలా అన్నానా?"

మాట మీద మాట పెరిగింది. అంతయ్య లేచి నిలబడి, కండువా దులిపి, "గా రెండు మాటలు లేకుంటే లగ్గమే ఒద్దు" అనేశాడు. అనేశాక తనే అదిరిపడ్డాడు. గంగాధరరావు మాత్రం తక్కువ తిన్నాడా, "మీ ఇష్టమండీ" అన్నాడు. బిందు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జగన్‌కు కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అందుకని సీలింగు ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు నోరు విప్పింది సంతోషి. డిగ్రీ అయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లోనే, వెబ్‌సైట్లు కట్టడం నేర్పే మూడు నెలల పీహెచ్‌పీ కోర్సులో చేరింది. అందులో సగం రోజులు బందులకే పోయాయి. ఆ పిల్ల ఏం నేర్చుకుంటున్నదీ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"కార్డు మీద ఇద్దరివీ ఒద్దు. ఉత్త పేర్లు, ముహూర్తం, హాలు అడ్రసు ఏస్తం. కింద వెబ్‌సైటు పేరు ఏస్తం. మిగిలిందంత దాంట్ల ఉంటది. సైటు ఒక్కటే, గని అడ్రసు చివర ఒక తోక పెడతం. తోకల అమ్మాయి అని ఉంటే మామయ్య వాళ్ల పేజీ ఒస్తది. అబ్బాయి అని ఉంటే మన పేజీ ఒస్తది. అమ్మాయి వైపు కార్డుల మీద అమ్మాయి తోక కొట్టిస్తం, మన కార్డుల మీద అబ్బాయి తోక. ఎవలది వాళ్లకే కనవడ్తది" అంది.

ఇద్దరు తండ్రులూ ఆమెను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. 

"అంటే మా వాళ్ళకి జై తెలంగాణ కనపడదా అమ్మా?"

"కనవడదు మామయ్యా."

"మా ఊరోళ్లకు కనవడ్తదా?" 

"పెద్దక్షరాలల్ల కనవడ్తది నాయినా."

పెళ్ళి నిలబడింది. ఆ సాయంత్రం ఇంటికొస్తూ అంతయ్య, "గా పీహెచ్‌పీ అంటే ఏంది బిడ్డా?" అని అడిగాడు. సంతోషికి ఏనుగెక్కినంత సంబరమైంది.

సూత్రం నిజానికి చాలా చిన్నది. అడ్రసు చివర ఒక ప్రశ్న గుర్తు, దాని వెనక 'వైపు' అనే మాట, దానికి సమానం అని ఒక విలువ. వచ్చినవాడి అడ్రసులో ఆ తోక ఏముందో పీహెచ్‌పీ తీసి మన చేతిలో పెడుతుంది. దాన్ని చూసి, ఇలా ఉంటే ఇది చూపించు, అలా ఉంటే అది చూపించు అని చెప్పుకోవడమే. సంతోషి రెండు షరతులు రాసింది. వైపు 'అబ్బాయి' కాకపోతే అమ్మాయి వాళ్ళ భాగం చూపించు. వైపు 'అమ్మాయి' కాకపోతే అబ్బాయి వాళ్ళ భాగం చూపించు. రెండు తోకలతోనూ పదేసిసార్లు తెరిచి చూసుకుంది. ఎవరిది వాళ్ళకే కనపడింది. తన తెలివికి తనే మురిసిపోయి, తల్లి అండాలమ్మను పిలిచి చూపించింది. అండాలమ్మ తెరకు చేత్తో దిష్టి తీసింది.

ఇక పెద్దమనుషుల సంగతి చూడండి. తమవాళ్ళు తప్ప ఎవరూ చూడరని తెలిస్తే మనిషికి ఎంత ధైర్యమొస్తుందో! గంగాధరరావు డాబా మీదికి పోయి, గొంతు తగ్గించి, సంతోషికి ఫోను చేశాడు. 

"ఇది మా వాళ్ళకే కదమ్మా కనపడేది? అయితే రాయి. 'మగపెళ్ళివారు తెలంగాణ వారు. అయితేనేం, మాట మర్యాద తెలిసిన మనుషులే. ఎవరూ ఏమీ అనరు, భయపడకుండా రండి.' హాలు చిన్నది కాబట్టి ముహూర్తానికి అబ్బాయి వైపు నుంచి యాభై మందే అని కూడా రాయి. కింద విందు వివరం. పులిహోర, బూరెలు, గుత్తివంకాయ, గోంగూర, పూతరేకులు."

అంతయ్య ఫోను నమ్మలేదు. కూతుర్ని డీసీఎం క్యాబిన్లో కూర్చోబెట్టి, అద్దాలు ఎక్కించి మరీ చెప్పాడు. 

"మనోళ్లకే కనవడ్తది గద? అయితే రాయి. 'పిల్ల ఆంధ్రోళ్ల బిడ్డ. అయితేంది, పొగరు లేదు. మనల తక్కువ చేసి చూడరు, పరేషాన్ గాకుండ రండ్రి.' ముహూర్తం సంగతి రాయకు. ఎల్లారి మన ఇంటి కాడ దావత్ అని రాయి. బగారన్నం, మటన్, తలకాయ కూర, బోటి."

మర్నాటి దావత్ సంగతి గంగాధరరావు తన వాళ్ళకు చెప్పలేదు. యాభై మంది లెక్క అంతయ్య తన వాళ్ళకు చెప్పలేదు. సంతోషి రెండూ టైపు చేస్తూ ఒంటరిగా పడీ పడీ నవ్వింది. చెప్పుకోవడానికి మాత్రం పక్కన ఎవరూ లేకపోయారు.

కార్డులొచ్చాయి. వెబ్‌సైటు అడ్రసు బాగా పొడుగు కావడంతో కింది వరుస నిండిపోయి, దాని తోక కుడి మూలకు చేరింది. శుభలేఖ అన్నాక నాలుగు మూలలా పసుపు పెట్టకుండా ఏ ఇంటి నుంచీ గడప దాటదు. ఎల్బీనగర్‌లో తల్లీకూతుళ్ళు గిన్నె నిండా పసుపు కలుపుకుని, పాటలు పాడుకుంటూ నాలుగు వందల కార్డులకు బొటనవేలితో బొట్లు పెట్టారు. దిల్‌సుఖ్‌నగర్‌లో గంగాధరరావు తల్లి హనుమాయమ్మ ఇంకా దిట్టంగా పెట్టింది. డెబ్బై ఎనిమిదేళ్ళ ఆ ముసలావిడకు ఏదీ పల్చగా చేయడం చేతకాదు, పసుపైనా పప్పయినా. కార్డులు కొన్ని తెనాలి వెళ్ళాయి, కొన్ని నకిరేకల్ వెళ్ళాయి.

నాలుగో రోజు పొద్దున్నే మార్కెట్టు నుంచి అంతయ్య ఫోను చేశాడు.

"బిడ్డా, మీ బక్కయ్య పెద్దనాయిన ఫోన్ చేసిండు. మనుమడు సెల్‌ల తీసి చదివి ఇనిపిచ్చిండట. మాట మర్యాద తెలుసని ఆంధ్రోళ్ల కాడ సర్టిఫికెట్ తెచ్చుకున్నవారా తమ్మీ అని అంటుండు. యాభై మందిల సొంత అన్న లేడా అని అడుగుతుండు. గా సార్ రాసింది మనోళ్లకెట్ల కనవడ్డది? గింత మాట రాస్తడా ఆయన? నేను దిల్‌సుఖ్‌నగరే పోతున్న, మొకం మీదనే అడుగుత."

సంతోషి గబగబా కంప్యూటర్ ముందు కూర్చుని, అబ్బాయి తోకతో సైటు తెరిచింది. జై తెలంగాణ, దావత్, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అమ్మాయి తోకతో తెరిచింది. అదీ సరిగ్గానే ఉంది. బక్కయ్య పెద్దనాయిన కలగన్నాడా అనుకునేలోపు దిల్‌సుఖ్‌నగర్ నుంచి బిందు ఫోను.

"సంతూ, తెనాలి నుంచి మా నాగార్జున మావయ్య నాన్నకి ఫోన్ చేశాడు. మాకు పొగరు లేదని మీ నాన్నగారు రాశారట కదా? నాన్న స్కూటర్ తీశాడు. వద్దంటున్నా నాన్నమ్మ వెనకెక్కి కూర్చుంది. మీ ఇంటికే వస్తున్నారు. ఈ సంబంధం మనకొద్దు అంటున్నాడే. ఏదో ఒకటి చెయ్యవే, నీకు దణ్ణం పెడతా."

సంతోషి మిగిలిన కార్డొకటి తీసి కళ్ళ దగ్గర పెట్టుకుంది. కింది వరుసలో సైటు పేరు స్పష్టంగా ఉంది. ఆ వెనక కుడి మూలలో తను పాటలు పాడుతూ పెట్టిన పసుపు బొట్టు, ఎండి గట్టిపడి ఉంది. గోటితో గీకితే కింద ప్రశ్న గుర్తు బయటపడింది. ఇంకా గీకితే 'వైపు'. తోక మొత్తం బొట్టు కింద ఉంది. తెనాలిలో గానీ నకిరేకల్‌లో గానీ కనపడినంత వరకే టైపు చేసుకుని చూశారన్నమాట.

ఆమె కూడా అలాగే, తోక లేకుండా టైపు చేసింది. తెర మీద మొదట వేంకటేశ్వరస్వామి, విందు, మాట మర్యాద తెలిసిన మనుషులు. దాని కిందే జై తెలంగాణ, దావత్, పొగరు లేని ఆంధ్రోళ్ల బిడ్డ. రెండూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి. వచ్చినవాడికి తోకే లేకపోతే వాడి వైపు 'అబ్బాయి' కాదు, 'అమ్మాయి' కూడా కాదు. రెండు షరతులూ నెగ్గుతాయి. పీహెచ్‌పీ తప్పేమీ లేదు, అది చెప్పింది చెప్పినట్టు చేసింది. అమ్మాయీ అబ్బాయీ కాకుండా మూడోరకంగా ఒకడు రావచ్చునని తనకే తట్టలేదు.

దిద్దడం ఒక నిమిషం పని. కానీ ఏమని దిద్దాలి? తోక లేనివాడికి అమ్మాయి వైపు చూపిస్తే నాయిన ముఖం చిన్నబోతుంది. అబ్బాయి వైపు చూపిస్తే మామయ్య మండిపడతాడు. ఏదీ చూపించకపోతే పెళ్ళే ఆగిపోయిందనుకుంటారు చుట్టాలు. అందరూ చదివేశాక ఆ ముక్కలు మాయం చేస్తే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. సంతోషి మీట మీద వేలు పెట్టి అలాగే కూర్చుండిపోయింది. అన్న పెళ్ళి నిలబెట్టింది తనే, పడగొట్టేదీ తనేనా అని ఏడుపొచ్చింది. కార్డు చేతిలో పట్టుకునే, తల్లిని తీసుకుని రోడ్డెక్కింది.

ఆటోలు లేవు, బస్సులు లేవు. ఆ రోజు కొత్తపేటలో, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ముందర, వంటావార్పు. అంటే ఉద్యమం వాళ్ళు నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండుకుని, దారి ఆపి అక్కడే కూర్చుని తినడం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ రావాలన్నా, ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ పోవాలన్నా ఆ గుండిగలను దాటాల్సిందే. తల్లీకూతుళ్ళు ఆయాసపడుతూ చేరేసరికి ఇద్దరు తండ్రులూ ఆ గుండిగల దగ్గరే ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. హనుమాయమ్మ మాత్రం అప్పుడే ఒక బత్తాయి డబ్బా బోర్లేసుకుని పొయ్యి పక్కన కూర్చుంది. గరిటె తిప్పుతున్న సైదమ్మ అనే ఆవిడకు, పప్పుచారులో చింతపండు చాల్లేదని చెబుతోంది.

"మాకు పొగరు లేదని మీరు చెప్పాలా అంతయ్య గారూ? మీరు చెబితే గానీ తెలియదా లోకానికి?" గంగాధరరావు గొంతు క్లాసులో కంటే పైన ఉంది.

"మరి మాకు మాట మర్యాద తెలుసని మిమ్ముల చెప్పుమన్నమా సార్? ఎన్నడన్న తప్పు మాట్లాడినమా మీ ఇంట్ల?"

"నేను మంచిగానే కదా రాశాను!"

"నేను చెడ్డగ రాసిన్నా?"

జనం మూగారు. గంగాధరరావు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇదంతా ఎందుకండీ, ఈ సంబంధం..." అని మొదలుపెట్టాడు.

"ఆగుండ్రి మామయ్యా!" అని అరిచింది సంతోషి. తన గొంతు అంత పెద్దదని ఆమెకే తెలియదు. ఇద్దరి మధ్యకు వెళ్ళి నిలబడి, గీకిన కార్డు చూపించి, బొట్టు సంగతి, తోక సంగతి, షరతుల సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "తప్పు నాది. మీ ఇద్దరిది గాదు. నన్ను తిట్టుండ్రి, నాలుగు కొట్టుండ్రి. లగ్గం మాత్రం ఆపకుండ్రి" అని ఏడ్చేసింది.

సైదమ్మ గరిటె పక్కన పెట్టి, "గంత ఏం రాసుకున్నరో జర చదువు బిడ్డా, మేం గూడ ఇంటం" అంది.

సంతోషి ముక్కు తుడుచుకుని, బట్టీ వచ్చిన ఆ రెండు ముక్కలూ ఒకదాని తర్వాత ఒకటి అప్పజెప్పింది. మగపెళ్ళివారు తెలంగాణ వారు, అయితేనేం, మాట మర్యాద తెలిసిన మనుషులే, భయపడకుండా రండి. పిల్ల ఆంధ్రోళ్ల బిడ్డ, అయితేంది, పొగరు లేదు, పరేషాన్ గాకుండ రండ్రి.

ముందు హనుమాయమ్మ నవ్వింది. మామూలు నవ్వా అది? డబ్బా మీద నుంచి పడిపోతుందేమోనని సైదమ్మ భుజం పట్టుకోవలసి వచ్చింది.

"ఒరే గంగాధరం! ఒకళ్ళ పేపర్లో చూసి ఒకళ్ళు కాపీ కొట్టినట్టుందిరా. నీ క్లాసులో అయితే ఇద్దర్నీ బయటికి పంపేవాడివి కాదూ?"

సైదమ్మ నవ్వింది, అండాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, చుట్టూ ఉన్న జనం కడుపులు పట్టుకున్నారు. అంతయ్య కాసేపు మీసం నములుతూ నిలబడ్డాడు. గంగాధరరావు నేల చూపులు చూశాడు. ఇద్దరూ ఒకేసారి తలెత్తి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆపుకోలేక పకపకా నవ్వారు. సంతోషి కళ్ళు తుడుచుకుంటూ తనూ నవ్వింది. గుండెల మీద నుంచి డీసీఎం లోడు దిగినట్టయింది ఆ పిల్లకు.

"ముందుగాల తినుండ్రి, కొట్లాట ఏడికి పోదు" అని సైదమ్మ విస్తళ్ళు వేసింది. రోడ్డు మీద వరుసలో పక్కపక్కనే కూర్చోబెట్టింది. గంగాధరరావు ప్యాంటు మడుచుకుని కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడో లేదో ఫోను మోగింది. తెనాలి నుంచి బావమరిది నాగార్జున.

"బావా, పొద్దున కోపంలో అసలు సంగతి అడగటం మర్చిపోయాను. మర్నాడు మటన్ దావత్ ఉందట కదా, మాకు చెప్పలేదేం? తలకాయ కూర కూడా అట! పెళ్ళి సాయంత్రానికే తిరుగు టికెట్లు తీశాం. రద్దు చేయించెయ్యనా?"

ఇంకోపక్క అంతయ్య ఫోనులో బక్కయ్య. "తమ్మీ, పూతరేకులు పెడుతున్నరట లగ్గం కాడ. మమ్ముల దావత్‌కే పిలిచి ఆ దినం ఇంట్ల కూసోమంటవా? యాభై మంది గియాభై మంది జాన్తానై. ట్రాక్టర్లు కట్టుకుని ఒస్తున్నం."

అంటే రెండు వైపులా చుట్టాలు జై తెలంగాణ చూసి అలగలేదు, ఆంధ్రా పేరు చూసి అలగలేదు. తమ విస్తట్లో ఏమేం తగ్గిందో లెక్కపెట్టుకుని అలిగారు. మన చుట్టాల మీద మనకే నమ్మకం ఉండదు గానీ, తిండి దగ్గర వాళ్ళ బుద్ధి ఎప్పుడూ సవ్యంగానే ఉంటుంది.

"అంతమంది ఆ హాల్లో పట్టరండీ" అన్నాడు గంగాధరరావు దిగులుగా.

"నడి రోడ్డు మీద వెయ్యి మందికి పెడుతున్నం, చూస్తలేవా సారూ?" అంది సైదమ్మ అన్నం మళ్ళీ వడ్డిస్తూ. "హాలు బయట షామియానా ఏసి కూసోబెట్టు."

చేతులు కడుక్కుని అందరూ పక్క సందులోని నెట్ సెంటర్‌కు నడిచారు. సంతోషి కంప్యూటర్ ముందు కూర్చుంది. వెనక ఇద్దరు తండ్రులు, పక్కన కుర్చీలో హనుమాయమ్మ.

"ఇప్పుడు చెప్పుండ్రి. తోక లేకుండ ఒచ్చినోళ్లకు ఏం చూపియ్యాలె?"

"రెండూ చూపించమ్మా" అన్నాడు గంగాధరరావు.

"తోక ఉన్నోళ్లకు గూడ రెండు చూపియ్యి" అన్నాడు అంతయ్య.

"అయితే షరతులే అవసరం లేదు" అని సంతోషి ఆ రెండు వరుసలూ తీసేసింది. ఎంత కష్టపడి రాసిందో, తీసేస్తుంటే అంత హాయిగా అనిపించింది. తర్వాత కొంచెం జంకుతూ, "పైన జై తెలంగాణ?" అని అడిగింది.

గంగాధరరావు జవాబు చెప్పేలోపే అంతయ్య అందుకున్నాడు. "స్వామినే పైన ఉండనియ్యి బిడ్డా. జై తెలంగాణ ఆయన కాళ్ల కాడ పెట్టు, ఆయనకు ఇనవడేటట్టు."

"మంచి మాట" అంది హనుమాయమ్మ.

యాభై మంది లెక్క ఎలాగూ ఎగిరిపోయింది, ఇక మిగిలింది ఆ రెండు ముక్కలు. ఎదుటివాడు రాసింది తీసెయ్యమని ఇద్దరూ పట్టుబడతారని సంతోషి భయపడుతోంది. మీసం దువ్వుకుంటూ అంతయ్య ముందుకు వంగాడు.

"నేను చెప్పిన ముక్క తీసెయ్యి బిడ్డా. సార్‌ది ఉండనియ్యి. పొగరు లేదని రాసిన అంటే, పొగరు ఉంటదని నా మనసుల ఉన్నట్టే గద."

"నాది ఉంచడం ఎందుకండీ?" అన్నాడు గంగాధరరావు. "ముందు నాదే తియ్యాలి. తియ్యమ్మా."

సంతోషి రెండూ తీసేసింది. వెనక్కి తిరిగి చూడలేదు, చూస్తే మళ్ళీ ఏడుస్తానని తెలుసు. సేవ్ నొక్కింది.

అయిదు నిమిషాలైనా కాలేదు, నాగార్జున మళ్ళీ ఫోను. గంగాధరరావు స్పీకరు పెట్టాడు.

"బావా, దావత్ అడ్రసు రాసుకుందామని సైటు మళ్ళీ తెరిచాను. మగపెళ్ళివారు మంచివాళ్ళు, భయపడకుండా రండి అని రాసిన ముక్క పోయిందేంటి? కొంపదీసి మంచివాళ్ళు కారా?"

"దానికి నా హామీ ఎందుకురా? మనిషి నా పక్కనే ఉన్నాడు, నువ్వే మాట్లాడుకో" అని గంగాధరరావు ఫోను అంతయ్య చేతిలో పెట్టాడు.

అంతయ్య గొంతు సవరించుకున్నాడు. "హలో, నేను అంతయ్యను. పిలగాని తండ్రిని. అన్నం తిన్నరా? మటన్ సంగతి నాకిడిసిపెట్టుండ్రి. మీరెంత మంది ఒస్తున్నరో గది చెప్పుండ్రి ముందుగాల..."

అంతయ్య పక్కనున్న కుర్చీలో చతికిలబడి పావుగంటైంది. తెనాలి గోంగూర నుంచి నకిరేకల్ బత్తాయి దాకా వచ్చారు ఇద్దరూ, ఎవరూ ఫోను పెట్టేలా లేరు. గంగాధరరావు నిలబడి నిలబడి, చివరికి చెయ్యి చాపాడు.

"నా ఫోను నాకివ్వండి బావగారూ" అన్నాడు.

ఆ పిలుపు ఆయన నోట రావడం అదే మొదటిసారి. అంతయ్య మాట్లాడటం ఆపి, ఆయన వంక చూసి, కుర్చీలో కొంచెం జరిగి చోటిచ్చాడు.